యూరప్ క్లబ్ సీజన్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడి జీవితం

యూరప్‌లో వృత్తి బాస్కెట్‌బాల్ ఆడేవాడు ముందు జీతగాడు, ఆ తర్వాతే ఆటగాడు. ఆగస్టులో పనిలో చేరతాడు, జూన్‌లో బయటపడతాడు. పెద్ద క్లబ్బులో ఉన్నవాడికి ఈ పది నెలల్లో ఎనభైకి పైగా మ్యాచ్‌లు పడవచ్చు. మన ఐపీఎల్ రెండు నెలల తిరునాళ్ళు. ఇది సంసారం. జీతం, అద్దె ఇల్లు, పిల్లల బడి, పై అధికారి కోపం, ఒంటి నొప్పులు అన్నీ ఉంటాయి. అమెరికాలోని ఎన్‌బీఏ తళుకును చూసి అలవాటుపడిన కంటికి ఈ జీవితం కాస్త వెలవెలబోయినట్టు కనిపించవచ్చు. ఆట మీద ఇష్టం ఎంత, పొట్టకూటి పట్టుదల ఎంత అన్నది తెలియాలంటే మాత్రం యూరప్ వైపే చూడాలి.

రెండు పోటీలు, ఒకే ఒళ్ళు

యూరప్ క్లబ్బులకు ఒకేసారి రెండు కొలువులుంటాయి. ఒకటి సొంత దేశపు లీగ్. స్పెయిన్‌లో ఏసీబీ, ఇటలీలో లేగా, లిథువేనియాలో ఎల్‌కేఎల్ అలాంటివి. పాత యుగోస్లావియా దేశాల క్లబ్బులు కలిసి ఏబీఏ లీగ్ నడుపుతున్నాయి. రెండోది ఖండం మొత్తానికి జరిగే పోటీ. వాటిలో పెద్దది యూరోలీగ్. దీని మూలం 1958లో మొదలైన ఛాంపియన్స్ కప్. మొదటి మూడేళ్ళూ సోవియట్ లాత్వియా జట్టు ఏఎస్‌కే రీగానే గెలిచింది. అందరికంటే ఎక్కువగా, 11 సార్లు గెలిచింది రియల్ మాడ్రిడ్. 2000లో క్లబ్బులు అంతర్జాతీయ సమాఖ్య ఫీబాతో తెగతెంపులు చేసుకుని పోటీని తమ చేతుల్లోకి తీసుకున్నాయి. ఆ గొడవ రూపాలు మార్చుకుంటూ ఇప్పటికీ సాగుతూనే ఉంది. దాని భారం పడేది ఆటగాడి మోకాళ్ళ మీద.

ఆ భారం ఎలా పెరిగిందో అంకెల్లో చూడవచ్చు. 2016-17లో యూరోలీగ్ 16 జట్ల పోటీగా మారింది. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో సొంత ఊళ్ళో ఒకటి, బయట ఒకటి, మొత్తం 30 మ్యాచ్‌లు ఆడేది. 2019-20లో జట్లు 18 అయ్యాయి, మ్యాచ్‌లు 34 అయ్యాయి. 2025-26లో దుబాయ్ జట్టు కూడా వచ్చి చేరి, 20 జట్లతో 38 మ్యాచ్‌లయ్యాయి. స్పెయిన్ లీగ్‌లో మరో 34 ఉంటాయి. ఫిబ్రవరిలో ఎనిమిది జట్ల కింగ్స్ కప్, వసంతంలో రెండు పోటీల ప్లేఆఫ్‌లు. వీటి మధ్యలో 2017 నవంబరు నుంచి ఫీబా జాతీయ జట్ల అర్హత మ్యాచ్‌లను కూడా దూర్చింది. క్లబ్ మ్యాచ్ ఒక ఊళ్ళో, దేశం మ్యాచ్ మరో ఊళ్ళో పెట్టి మధ్యలో ఆటగాణ్ణి నిలబెడితే అతను జీతమిచ్చే చోటికే వెళ్తాడు. యూరోలీగ్ ఆడేవారిలో చాలామంది ఆ అర్హత పోటీల్లో దేశానికి ఆడలేకపోయింది దేశభక్తి తక్కువై కాదు.

ఒప్పందం

గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళున్న ఇళ్ళలో ఈ ఒప్పందం సంగతి వెంటనే అర్థమవుతుంది. యూరప్ క్లబ్బు విదేశీ ఆటగాడికి జీతంతో పాటు ఇల్లు, కారు, రానూపోనూ విమాన టికెట్లు ఇవ్వడం ఆనవాయితీ. జీతం చాలాచోట్ల పన్ను పోగా చేతికొచ్చే మొత్తంగానే రాసుకుంటారు. ఆ పన్నును ప్రభుత్వానికి కట్టుకోవలసింది క్లబ్బే. ఏజెంటు రుసుమునూ తరచుగా క్లబ్బే భరిస్తుంది. ఊళ్ళో దిగిన మర్నాడు వైద్య పరీక్ష. అందులో నెగ్గితేనే సంతకానికి విలువ.

చిక్కంతా నెల తిరిగాక మొదలవుతుంది. యూరప్ బాస్కెట్‌బాల్ క్లబ్బుల్లో చాలావాటికి టికెట్ల రాబడితోనో టీవీ హక్కులతోనో గడవదు. యజమాని జేబు, ఊరి బ్యాంకు, ఫుట్‌బాల్ విభాగం చాటు, వీటిలో ఏదో ఒక ఆసరా మీదే అవి నిలబడతాయి. ఆసరా పోతే జట్టు పోతుంది. ఇటలీలో సియెనా క్లబ్బుకు ఆ ఊరి పాత బ్యాంకు మోంటే దెయ్ పాస్కీ దన్ను. ఆ దన్నుతో ఏళ్ళ తరబడి దేశ విజేతగా వెలిగిన క్లబ్బు, బ్యాంకు చితికిపోగానే 2014లో దివాలా తీసింది. మిలాన్‌లో ఒలింపియాను 2008లో కొని నిలబెట్టినవాడు దుస్తుల రూపకర్త జార్జో ఆర్మానీ. ఒకే దేశంలో, ఒకే ఆటలో, రెండు క్లబ్బుల తలరాతలు ఇలా ఉన్నాయి.

జీతం ఆగితే ఆటగాడు ఎక్కడికి వెళ్ళాలి? ఒకప్పుడు భాష రాని దేశంలో, ఆ క్లబ్బు ఊళ్ళోనే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. 2007లో ఫీబా జెనీవా కేంద్రంగా ఒక మధ్యవర్తిత్వ మండలిని పెట్టింది. ఇప్పుడు దాన్ని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రైబ్యునల్ అంటారు. అది ఏ దేశపు చట్టాన్నీ పట్టుకుని వేలాడదు, ఏది న్యాయమో చూసి తీర్పు చెబుతుంది. విచారణ ఇంగ్లీషులో. బాకీ తీర్చని క్లబ్బు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫీబా అడ్డుకట్ట వేయగలదు. కోర్టు జప్తు నోటీసుకు భయపడని క్లబ్బు అధ్యక్షులు దీనికి భయపడతారు. యూరప్‌లో ఆటగాడి బతుకును మార్చిన సంస్కరణల్లో దీనిదే ముందు వరుస అని నా అభిప్రాయం. పేపర్లలో దీని గురించి రాసేది మాత్రం తక్కువ.

పాస్‌పోర్టు అనే నైపుణ్యం

1995 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం బెల్జియం ఫుట్‌బాలర్ బాస్మన్ కేసులో తీర్పు ఇచ్చింది. యూరోపియన్ యూనియన్ పౌరులను విదేశీయులుగా లెక్కపెట్టి పరిమితి విధించడం దాంతో చెల్లకుండా పోయింది. మిగిలిన పరిమితి యూనియన్ బయటివారికి, అంటే ముఖ్యంగా అమెరికన్లకు. యూరోలీగ్‌లో ఆ అడ్డు లేదు, దేశీయ లీగుల్లో ఉంది. అందుకే ఒక ఆటగాడు గురువారం రాత్రి యూరోలీగ్‌లో నాయకుడు, ఆదివారం దేశీయ మ్యాచ్‌లో కోటా నిండిపోయి సూటు వేసుకుని బెంచీ వెనక ప్రేక్షకుడు.

ఇక్కడే పాస్‌పోర్టు విలువ తెలుస్తుంది. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలతో యూరోపియన్ యూనియన్ 2000లో చేసుకున్న కొటోను ఒప్పందం వల్ల ఆ దేశాల పౌరులను స్పెయిన్ లాంటి చోట్ల బయటివారి కోటాలో లెక్కించరు. తాతముత్తాతల ఊరు వెతుక్కుని ఆ పాస్‌పోర్టు తెచ్చుకున్న అమెరికన్ ఆటగాళ్ళున్నారు. మూడు పాయింట్ల షాట్ నేర్చుకున్నంత లాభం అందులో ఉంది. జాతీయ జట్లదీ అదే దారి. ఫీబా నియమం ప్రకారం జట్టులో ఒక్క దత్తపౌరుడికి మించి ఉండకూడదు. స్పెయిన్ క్లబ్బులో ఎన్నడూ ఆడని అమెరికన్ లొరెంజో బ్రౌన్‌కు 2022లో స్పెయిన్ పౌరసత్వం దక్కింది. ఆ ఏడే అతను యూరోబాస్కెట్ పతకం మెడలో వేసుకున్నాడు. ఇస్తాంబుల్‌లో అనడోలు ఎఫెస్‌కు 2021, 2022 యూరోలీగ్ కప్పులు తెచ్చిన షేన్ లార్కిన్ టర్కీ పౌరుడయ్యాడు.

ఒక వారం

స్పెయిన్ ఉత్తరాన విటోరియా అనే ఊరుంది. జనాభా రెండున్నర లక్షలు. ఆ ఊరి బాస్కోనియా క్లబ్బు యూరోలీగ్‌లో పెద్ద నగరాల జట్లతో తలపడుతుంది. అలాంటి క్లబ్బులో పాయింట్ గార్డ్‌కు జనవరిలో డబుల్ వారం పడిందనుకోండి. అంటే మూడు రోజుల్లో రెండు యూరోలీగ్ మ్యాచ్‌లు, ఆపైన ఆదివారం దేశీయ మ్యాచ్.

సోమవారం ఉదయం వీడియో, తేలిక సాధన, మధ్యాహ్నం విమానం. కొన్ని జట్లకు ప్రత్యేక విమానాలున్నాయి. మిగిలినవాళ్ళు మామూలు ప్రయాణికులతో కలిసి, మధ్యలో ఒకచోట దిగి మారుతూ వెళ్ళాలి. రెండు మీటర్ల పది సెంటీమీటర్ల సెంటర్ ఆటగాడికి నడవా పక్క సీటు దొరకడం ఆ రోజుకు చిన్న గెలుపు. మంగళవారం పొద్దున హోటల్ నుంచి హాలుకు. పరాయి రింగుకు చెయ్యి అలవాటు కావడానికి ఒక గంట షూటింగ్, ప్రత్యర్థి ఎత్తుల మీద నడక వేగంతో సాధన. మధ్యాహ్నం అన్నమో పాస్తానో, ఉడికించిన కోడిమాంసం. ఆ తర్వాత కునుకు. ఈ మధ్యాహ్నపు నిద్రను ఆటగాళ్ళు పూజలా పాటిస్తారు. ఆ వేళ ఫోన్ చేసిన అమెరికా బంధువులకు తిట్లు తప్పవు.

మ్యాచ్‌కు గంటన్నర ముందు ఫిజియో బల్ల దగ్గర వరుస కడతారు. మడమ మీద ముందు పల్చటి నురగ పట్టీ. దాని మీద తెల్ల టేపు, పాదం కింద నుంచి చీలమండ చుట్టూ, ఎనిమిది అంకె ఆకారంలో. ఫిజియో చేతులు పొట్లాలు కట్టే కిరాణా కొట్టువాడి చేతుల్లా కదులుతాయి, చూపు వేరే ఎటో ఉంటుంది. చివర్న అరచేత్తో ఒక చరుపు, తరువాతి పాదం. మ్యాచ్ అయ్యాక అదే టేపును కత్తెరతో కోసి తీస్తే చర్మం మీద అడ్డగీతలు మిగులుతాయి. ఆ పాదాలను ఐసు నీళ్ళ తొట్టిలో పెట్టి, మోకాళ్ళకు ఐసు సంచులు కట్టుకుని, బస్సులో పిజ్జా డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని తింటారు. ఇవన్నీ అయ్యి హోటల్ గదికి చేరేసరికి అర్ధరాత్రి. ఒంట్లో మ్యాచ్ వేడి ఇంకా చల్లారదు, నిద్ర తెల్లవారుజాముకు గానీ రాదు.

బుధవారం తిరుగు ప్రయాణం. గురువారం సొంత హాల్లో మళ్ళీ యూరోలీగ్. శనివారం కానరీ దీవులకు మూడు గంటల విమానం, ఆదివారం మధ్యాహ్నం అక్కడి జట్టుతో ఆట. సోమవారం సెలవనుకున్నారు గానీ, ఆదివారం ఓడితే ఆ సెలవు కోచ్ దయ.

కోచ్ మాట, గడియారం, పాయింట్ల తేడా

ఫీబా ఆట 40 నిమిషాలు, ఎన్‌బీఏ ఆట 48. ఇక్కడ ఐదో ఫౌల్‌కే బయటికి పోవాలి, అక్కడ ఆరో ఫౌల్ దాకా ఉండవచ్చు. మూడు పాయింట్ల గీత ఇక్కడ 6.75 మీటర్లు, అక్కడ నడి మధ్యలో 7.24. వీటన్నిటికంటే ముఖ్యమైన తేడా ఒకటుంది. ఎన్‌బీఏలో ఎవరినీ కాపలా కాయకుండా రింగు ముందు రక్షణ ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. ఇక్కడ ఎంతసేపైనా నిలబడవచ్చు. దాంతో రింగు ముందు చోటు కిక్కిరిసి పండుగ రోజు ఆర్టీసీ బస్సులా ఉంటుంది. ఒంటరిగా దూసుకెళ్ళి పాయింట్లు కొట్టడం కష్టం. జట్టులో పది పన్నెండు మంది వంతులవారీగా దిగుతారు. పేరున్న ఆటగాడికీ పాతిక నిమిషాలు దొరికితే ఎక్కువే. మాడ్రిడ్‌లో పెరిగి ఎన్‌బీఏకు వెళ్ళిన లుకా డాంచిచ్ అక్కడ పాయింట్లు చేయడమే సులువని చెప్పడానికి కారణం ఇదే.

కొత్తగా వచ్చిన అమెరికన్‌కు అంతుపట్టనిది మరొకటుంది. ఇరవై సెకన్లు మిగిలాయి, పన్నెండు పాయింట్ల వెనకబాటు. ఓటమి ఖాయం. అయినా కోచ్ టైమ్‌అవుట్ తీసుకుని పలక మీద ఎత్తు గీస్తాడు. ఎందుకంటే పట్టికలో రెండు జట్లు సమానంగా నిలిస్తే ఆ రెండింటి మధ్య జరిగిన రెండు మ్యాచ్‌ల పాయింట్ల తేడా చూస్తారు. అక్టోబరులో పన్నెండుతో ఓడడానికీ తొమ్మిదితో ఓడడానికీ ఉన్న తేడా ఏప్రిల్‌లో ప్లేఆఫ్ చోటు కావచ్చు. ఓడుతూ కూడా లెక్క చూసుకుని ఓడాలి. ఇది అలవాటు కాని ఆటగాడు చివరి సెకన్లలో బంతిని నేలకేసి కొడుతూ నిలబడితే బెంచీ మీద నుంచి వచ్చే అరుపు హాలంతా వినిపిస్తుంది.

ఆ అరుపుల రాజ్యానికి చక్రవర్తి జెల్కో ఒబ్రాడోవిచ్. ఐదు వేర్వేరు క్లబ్బులతో తొమ్మిది యూరప్ కప్పులు గెలిచిన సెర్బియా కోచ్. టైమ్‌అవుట్‌లో అతని ముఖం జేవురించడం చూడడానికే టీవీ పెట్టేవాళ్ళున్నారు. యూరప్ ఆటలో కోచ్ మాటే శాసనం. ఆటగాడి పేరు తరువాత. ఎన్‌బీఏలో దీనికి తలకిందులు. రెండూ చూసినవారు ఎవరికి నచ్చింది వారు చెబుతారు. కుర్రాళ్ళకు మాత్రం ఈ పద్ధతే పనికొచ్చింది. డాంచిచ్ 2015 ఏప్రిల్ 30న పదహారేళ్ళ వయసులో రియల్ మాడ్రిడ్ పెద్దల జట్టులో అడుగుపెట్టి, మూడేళ్ళకే యూరోలీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఇక కైల్ హైన్స్. ఎత్తు 1.98 మీటర్లు. సెంటర్ స్థానానికి పొట్టి. ఎన్‌బీఏ జట్టు ఏదీ ఎంపిక చేసుకోలేదు. 2008లో ఇటలీ రెండో శ్రేణిలో వెరోలీ అనే చిన్న ఊరి జట్టులో చేరాడు. అక్కడి నుంచి జర్మనీలో బాంబెర్గ్, గ్రీసులో ఒలింపియాకోస్, మాస్కోలో సీఎస్‌కేఏ, చివరికి మిలాన్. 2012, 2013, 2016, 2019లలో నాలుగు యూరోలీగ్ కప్పులు, మూడుసార్లు ఉత్తమ రక్షణ ఆటగాడి గుర్తింపు. 2024లో విరమించేదాకా ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. యూరప్ ఆట అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పే పేరు ఇదే.

హాళ్ళు

మూడు లక్షల జనాభా ఉన్న కౌనస్‌లో పదిహేను వేలకు పైగా సీట్ల హాలు నిండుతుంది. లిథువేనియన్లకు బాస్కెట్‌బాల్ రెండో మతమని చెప్పుకుంటారు. బెల్‌గ్రేడ్‌లో 2009 మార్చి 5న పార్టిజాన్, పనథినైకోస్ మ్యాచ్‌కు 22,567 మంది వచ్చారు. రియల్, బార్సిలోనా, ఫెనర్‌బాచె, ఒలింపియాకోస్, పనథినైకోస్, రెడ్ స్టార్ ఇవన్నీ ఫుట్‌బాల్ ఉన్న క్లబ్బులు కాబట్టి ఆ పాటలు, డప్పులు, పాత పగలు ఇక్కడికీ వస్తాయి. విదేశీ ఆటగాడికి పగ చరిత్ర తెలియకపోవచ్చు, దాని వేడి మాత్రం మొదటి డెర్బీలోనే తగులుతుంది. 2023 మే నెలలో కౌనస్‌లో జరిగిన యూరోలీగ్ ఫైనల్లో సెర్జియో యుల్ మూడు సెకన్లుండగా వేసిన షాట్‌తో రియల్ 79-78తో ఒలింపియాకోస్‌ను ఓడించింది. ఆ చివరి క్షణంలో ఒలింపియాకోస్ షాట్ తప్పింది కోస్టాస్ స్లూకాస్ చేతిలో. అదే వేసవిలో అతను ఏథెన్స్ ఎదుటి శిబిరం పనథినైకోస్‌లో చేరాడు, మరుసటేడు కప్పు గెలిపించాడు. ఒలింపియాకోస్ ఊరు పిరెయస్ వీధుల్లో అతని పేరు ఇప్పుడు ఎలా పలుకుతారో ఊహించుకోవచ్చు.

రాజకీయాలూ హాలు దాకా వస్తాయి. 1991-92లో యుద్ధం వల్ల పార్టిజాన్ తన సొంత మ్యాచ్‌లను దాదాపుగా మాడ్రిడ్ పక్కన ఫుయెన్లాబ్రాడాలో ఆడి, ఆ ఏడు కప్పు గెలిచింది. 2022లో రష్యా క్లబ్బులను యూరోలీగ్ పక్కన పెట్టింది. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్ క్లబ్బు మకాబీ టెల్ అవీవ్ బెల్‌గ్రేడ్‌ను సొంతూరు చేసుకుంది. సొంత ఊరే పరాయి ఊరైనప్పుడు ఆటగాడికి ఇల్లంటే హోటల్ గదే.

ఇల్లు

యూరప్ ఆట అమెరికన్లకు కొత్త కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూనే మిలాన్‌కు విమానంలో వెళ్ళి ఆడిన బిల్ బ్రాడ్లీ 1966లో ఛాంపియన్స్ కప్ గెలిచాడు. తర్వాత అమెరికా సెనేటరయ్యాడు. కోబీ బ్రయంట్ తండ్రి జో 1984 నుంచి ఏడేళ్ళు ఇటలీలో నాలుగు ఊళ్ళ జట్లకు ఆడాడు. ఆరేళ్ళకు వెళ్ళిన కోబీ అక్కడి బడిలోనే ఇటాలియన్ నేర్చుకున్నాడు. కాంట్రాక్టు ఏడాదికో రెండేళ్ళకో ముగుస్తుంది కాబట్టి పిల్లలకు ప్రతిసారీ కొత్త బడి, కొత్త భాష. చాలామంది భార్యాపిల్లలను సొంత దేశంలోనే ఉంచి, సమయం తేడా లెక్క చూసుకుని వీడియో కాల్‌లో సంసారం చేస్తారు.

2017లో కౌనస్ క్లబ్బు జల్గిరిస్ ఆటగాడు, బ్రెజిల్‌కు చెందిన అగుస్టో లిమా సెమీఫైనల్ల మధ్యలో తన బిడ్డ పుట్టుక కోసం వెళ్ళాడు. అది సబబేనా అని ఒక విలేఖరి కోచ్ షారూనాస్ యాసికెవిచ్యుస్‌ను అడిగాడు. తొలి బిడ్డను చూడడం కంటే గొప్పది ఏ కప్పులోనూ లేదని, నీకూ పిల్లలు పుట్టాక తెలుస్తుందని ఆ కోచ్ అతనికి అర్థమయ్యేలా చెప్పాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. కోచ్‌లందరూ అలా ఉండరు కాబట్టే అంతగా తిరిగింది.

జబ్బును దాచుకుని ఆడినవాడూ ఉన్నాడు. అల్ఫోన్సో ఫోర్డ్‌కు 1997లో రక్తక్యాన్సర్ బయటపడింది. ఆ సంగతి బయటికి చెప్పకుండా గ్రీసులో, ఇటలీలో ఆడుతూ యూరోలీగ్‌లో అందరికంటే ఎక్కువ సగటు పాయింట్లు చేశాడు. 2004 సెప్టెంబరులో 32 ఏళ్ళకు పోయాడు. యూరోలీగ్‌లో అత్యధిక పాయింట్లు చేసినవారికి ఇచ్చే బహుమతి అతని పేరు మీదే ఉంది.

మహిళలు

మహిళల ఆటలో చాలాకాలం లెక్క తలకిందులుగా ఉండేది. అమెరికా డబ్ల్యూఎన్‌బీఏ వేసవి లీగ్. అప్పట్లో అక్కడి గరిష్ఠ జీతం దాదాపు లక్ష డాలర్లు. రష్యా, టర్కీ క్లబ్బులు చలికాలానికి దానికి ఎన్నో రెట్లు ఇచ్చేవి. రష్యాలోని యెకతెరిన్‌బర్గ్ క్లబ్బు దాదాపు 15 లక్షల డాలర్లు ఇస్తూ, విశ్రాంతి తీసుకోమని కోరితే అమెరికన్ తార డయానా టొరాసీ 2015 అమెరికా సీజన్ మొత్తం మానేసింది. అదే క్లబ్బుకు ఆడడానికి వెళ్తూ బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో అరెస్టయి, డిసెంబరులో ఖైదీల మార్పిడిలో విడుదలైంది. ఆ తర్వాత అమెరికన్ తారలు రష్యా వైపు వెళ్ళడం ఆగిపోయింది.

జూన్, మళ్ళీ ఆగస్టు

ఏప్రిల్‌లో యూరోలీగ్ ప్లేఆఫ్‌లు, మే చివర్లో నాలుగు జట్ల ఫైనల్ ఫోర్. 2025లో అది అబుదాబిలో జరిగింది. ఫెనర్‌బాచె 81-70తో మొనాకోను ఓడించింది. కప్పు ఎత్తినవాళ్ళు వారం తిరక్కుండానే దేశీయ ప్లేఆఫ్‌లకు టేపు చుట్టించుకోవాలి. జూన్‌లో చివరి మ్యాచ్ అయ్యాక ఇంటి తాళాలు, కారు తాళాలు క్లబ్బు గుమాస్తాకు అప్పగించి సంతకం పెట్టాలి. కొందరు మరుసటి సీజన్‌కు ఏ దేశమో తెలియకుండానే విమానం ఎక్కుతారు. జాతీయ జట్టులో ఉన్నవారికి ఆ విరామం కూడా ఉండదు. 2025 సెప్టెంబరు 14న రీగాలో యూరోబాస్కెట్ ఫైనల్ జరిగింది. జర్మనీ 88-83తో టర్కీని ఓడించింది, షేన్ లార్కిన్ మెడలో వెండి పతకం పడింది. సెప్టెంబరు 30న కొత్త యూరోలీగ్ సీజన్ మొదలైంది. మధ్యలో దొరికినవి 15 రోజులు.